ప్రాథమిక బడిలో పిల్లల మండలి: టీచర్లు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో కొండవాలు మీద ఉన్న ఒక బస్తీ బడిలో చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు. మా దగ్గర పిల్లల మండలి నడుస్తోందని తెలిసి వేరే బడుల టీచర్లు ఫోన్ చేస్తుంటారు, ట్రైనింగ్‌లలో టీ తాగుతుండగా పట్టుకుని అడుగుతుంటారు. అప్పుడప్పుడు తల్లిదండ్రులూ అడుగుతారు. ఇంచుమించు అందరివీ అవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

పిల్లల మండలి అంటే క్లాస్ లీడర్లను పెట్టడమేగా?

కాదండీ. క్లాస్ లీడర్ టీచర్ తరఫు మనిషి. టీచర్ బయటికి వెళ్తే మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాడు, సుద్దముక్కలు తెస్తాడు, నోటు పుస్తకాలు పోగేస్తాడు. మండలి సభ్యుడు పిల్లల తరఫు మనిషి. తరగతిలో అనుకున్న మాటను హెచ్ఎం దగ్గరికి తీసుకెళ్తాడు, అక్కడ దొరికిన జవాబును మళ్లీ తరగతికి తెస్తాడు. ఈ రెండో పని జరగని చోట మండలి మూడు నెలల్లో చచ్చిపోతుంది. మాది ఒకసారి అలాగే చచ్చిపోయింది, ఆ సంగతి కింద చెబుతాను.

ఒకరే రెండూ చేయకుండా చూసుకోండి. నిన్న నా పేరు బోర్డు మీద రాసినవాడికి ఇవాళ నా కష్టం ఎలా చెప్పుకుంటాను?

ఆరేళ్ల పిల్లలకి ఇవన్నీ ఏం తెలుస్తాయి?

మనకు తెలియనివి తెలుస్తాయి. మా బడిలో ఒకటో తరగతి ఆడపిల్లలు బాత్రూమ్‌కి ఎప్పుడూ ఇద్దరిద్దరుగా వెళ్లేవారు. ఒకరు అడిగితే ఇంకొకరు లేచేవారు. పాఠం ఎగ్గొట్టడానికి వేషాలు వేస్తున్నారని మేం విసుక్కునేవాళ్లం. "ఒక్కొక్కరే వెళ్లండి" అని గట్టిగా చెప్పాం కూడా. ఆ తర్వాత ఒకరిద్దరు మధ్యాహ్నం దాకా ఆపుకుని బట్టలు తడుపుకున్నారు. దానికీ మేం తిట్టాం.

తరగతి మీటింగ్‌లో ఒక పాపని అడిగితే, "గడియ అందదు టీచర్. అందికే ఇద్దరం ఎల్తాం. ఒకలు తలుపు పట్టుకుంతాం" అంది. వెళ్లి చూశాం. లోపలి గడియ నా భుజం ఎత్తులో ఉంది. ఆ తలుపు నేను రోజూ చూస్తున్నదే. మర్నాడు వడ్రంగి వచ్చి రెండడుగుల కిందకి ఇంకో గడియ బిగించాడు. పావుగంట పని. బడి కట్టినప్పటి నుంచి ఎంతమంది పిల్లలు ఆ తలుపు పట్టుకుని నిలబడ్డారో!

ఆరేళ్ల పాప బడ్జెట్ మీద మాట్లాడదు, సిలబస్ మీద మాట్లాడదు. తన ఎత్తు నుంచి బడి ఎలా కనిపిస్తుందో మాత్రం ఆమె ఒక్కతే చెప్పగలదు.

చట్టంలో ఎక్కడైనా ఉందా, లేక ఇది మన సరదానా?

ఉంది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989 నవంబర్ 20న వచ్చింది, మన దేశం 1992 డిసెంబర్‌లో ఒప్పుకుంది. అందులో 12వ అధికరణం, పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల అభిప్రాయం చెప్పుకునే హక్కు వాళ్లకు ఉందని, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలని చెబుతుంది. చెప్పింది చెప్పినట్టు చేసి తీరాలని అందులో లేదు. ఈ తేడా టీచర్లకు కొంచెం ఊపిరి ఇస్తుంది.

మన విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 29వ సెక్షన్ పాఠ్యప్రణాళిక గురించి చెబుతూ, పిల్లలు భయం, ఆందోళన లేకుండా తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పేలా చూడాలంటుంది. 21వ సెక్షన్ కింద ఏర్పడే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2010 నాటి కేంద్ర నిబంధనలైతే మిగిలిన నాలుగో వంతులో కొందరిని స్థానిక విద్యావేత్తల నుంచి గానీ బడి పిల్లల నుంచి గానీ తీసుకోవచ్చన్నాయి. ఎవరైనా "పిల్లలకెందుకు ఇవన్నీ" అంటే ఈ సెక్షన్ల నెంబర్లు చెప్పండి. నెంబర్ చెబితే ఆఫీసుల్లో వినే తీరే మారిపోతుంది.

ఎన్నికలు పెట్టాలా?

అందరూ ముందు అడిగేది ఇదే. జనరల్ ఎలక్షన్ లాగా చేస్తే ఫొటోలు బాగా వస్తాయి, వేలికి సిరా చుక్క, వరుసలో నిలబడిన పిల్లలు. మేమూ మొదటి ఏడాది పెట్టాం. పోలింగ్‌కి ముందురోజు ఒక అబ్బాయి తరగతి మొత్తానికి చాక్లెట్లు పంచాడు. ఎక్కడ నేర్చుకున్నాడో చెప్పక్కర్లేదు. ఇంకో అబ్బాయి వాళ్ల నాన్న గేటు దగ్గర నిలబడి మిగతా తల్లులతో మాట్లాడాడు. గెలిచినవాళ్లందరూ పొడుగ్గా, గట్టిగా మాట్లాడే ఐదో తరగతి పిల్లలు. వాళ్లు మండలి లేకపోయినా తమ మాట నెగ్గించుకునేవాళ్లే. ఓడిన పాప వారం రోజులు బడికి రాలేదు.

తర్వాతి ఏడాది నుంచి చీటీలు తీస్తున్నాం. ఇదేమీ కొత్త సంగతి కాదు. కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరు గుడి గోడ మీద చోళుల కాలపు శాసనం ఉంది, క్రీ.శ. 920 ప్రాంతంది. అర్హత ఉన్నవాళ్ల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి కలిపేవారు. ఆ ఆకు తీసేది ఒక చిన్న పిల్లవాడు. ఒకసారి కమిటీలో ఉన్నవాళ్లకి మూడేళ్ల దాకా మళ్లీ అవకాశం లేదు, లెక్కలు అప్పజెప్పనివాళ్లకి అసలే లేదు. మా పిల్లలకి ఈ కథ చెప్పి, మట్టికుండ ఒకటి తెచ్చి, పేర్లు వేసి, ఒకటో తరగతి బుడ్డోడి చేత తీయిస్తున్నాం. ఇష్టం లేనివాళ్లు ముందే తమ చీటీ తీసేసుకోవచ్చు. ఓడిపోయామన్న ఏడుపు లేదు, గెలిచామన్న టెక్కూ లేదు.

ఎన్నికే కావాలంటే చదవడం రాని పిల్లల్ని మరిచిపోకండి. 1951-52లో మన దేశపు మొదటి ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు ఉండేది. చదువు రానివాళ్లు కూడా తమకు నచ్చిన పెట్టెలో ఓటు వేయాలని అలా చేశారు. మీరూ డబ్బాల మీద చేప, కొబ్బరిచెట్టు, పడవ బొమ్మలు అంటించి చింతగింజలు వేయించవచ్చు. ఏదైనా నిర్ణయం మీద బడి మొత్తం ఓటు వేయాల్సి వస్తే మేం ఈ చింతగింజల పద్ధతే వాడతాం. మనుషుల్ని ఎంచుకోవడానికి మాత్రం కుండే.

ఎంతమంది ఉండాలి? ఎంతకాలం?

తరగతికి ఇద్దరు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. మొత్తం పదిమంది. ఒక టర్మ్ చాలు. ఏడాదంతా అంటే మిగతా పిల్లలు ఇక మనకి రాదులే అని వదిలేస్తారు.

ప్రధానమంత్రి, ఆరోగ్యమంత్రి అని పదవులు ఇవ్వచ్చా?

ఇవ్వచ్చు, చాలా బడుల్లో ఇస్తున్నారు. నాకు నచ్చదు. ఆరోగ్యమంత్రి అని బ్యాడ్జి పెట్టాక ఆ పాప చేసే పని ఏమిటంటే గోళ్లు చూడటం. పర్యావరణ మంత్రి మొక్కలకి నీళ్లు పోస్తాడు. అవి బడి పనులు, అందరూ వంతులవారీగా చేయాల్సినవి. పదవి పేరు పెద్దదై అధికారం ఏమీ లేకపోతే పిల్లలు నేర్చుకునే పాఠం వేరే అవుతుంది.

ఏటా స్వపరిపాలన దినోత్సవం చేస్తున్నాం కదా, అది చాలదా?

ఆ రోజు నాకూ ఇష్టమే. ఐదో తరగతి పాప వాళ్లమ్మ పట్టుచీర కుచ్చిళ్లు జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో బెత్తం ఊపుతూ అచ్చం నాలాగే "సైలెన్స్" అని అరిచినప్పుడు నవ్వు ఆగలేదు. తర్వాత కొంచెం ఆలోచనలో పడ్డాను కూడా.

కానీ అది ఒకరోజు వేషం. పిల్లలు పెద్దవాళ్లను అనుకరిస్తారు, తమ మాట చెప్పరు. రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో యునిసెఫ్ కోసం పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా రాశాడు. కింది మూడు మెట్లు: పిల్లల్ని మన అవసరానికి వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, నామమాత్రంగా కూర్చోబెట్టడం. ఈ మూడింటినీ ఆయన భాగస్వామ్యం కింద లెక్కే వేయలేదు. అధికారులు వచ్చినప్పుడు పూలగుత్తి ఇచ్చే పాప ఎన్నో మెట్టు మీద ఉందో మీరే చూసుకోండి.

మీటింగ్ ఎలా నడుపుతారు?

రెండు అంచెలు. ప్రతి శనివారం ఏ తరగతికి ఆ తరగతి ఇరవై నిమిషాలు గుండ్రంగా కింద కూర్చుంటుంది. పదిహేను రోజులకి ఒకసారి పదిమంది సభ్యులూ హెచ్ఎంతో కూర్చుంటారు. ముందు తరగతి మీటింగ్‌లు కుదురుకోవాలి. అవి లేకుండా మండలిని మాత్రం పెడితే ఆ పదిమంది తమ సొంత కోరికలే మాట్లాడతారు.

మా దగ్గర పెద్ద గవ్వ ఒకటి ఉంది. గవ్వ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. టీచర్‌కీ అదే రూలు. ఇది మాత్రం నాకు చాలా కష్టమైంది. ఎవరైనా ఏదైనా అనగానే "అది అలా కాదురా" అని మొదలుపెట్టేదాన్ని. పిల్లలు గవ్వ వైపు చూపించేవారు. మాట్లాడటం ఇష్టం లేకపోతే గవ్వని చెవి దగ్గర పెట్టుకుని పక్కవాళ్లకి ఇచ్చేయచ్చు. సముద్రం చప్పుడు వినడానికే కొంతమంది గవ్వ ఎప్పుడు వస్తుందా అని చూస్తుంటారు, పరవాలేదు.

మొదట పోయినసారి అడిగినవాటికి జవాబులు. తర్వాతే కొత్త విషయాలు. వరస మార్చకండి.

రాసి పెట్టుకోవాలా?

తప్పకుండా. ఒక లాంగ్ నోట్‌బుక్, మూడు గడులు: ఏం అడిగారు, ఎవరికి చెప్పాం, ఏమైంది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు రాస్తారు. అక్షరదోషాలు దిద్దకండి, అది డిక్టేషన్ కాదు. "కులాయి కారతంది" అని రాస్తే కుళాయి కారుతోందనే అర్థం. మూడో గడి ఖాళీగా ఉంటే పేజీ తిప్పడానికి వీల్లేదు.

పైన చెబుతానన్న సంగతి ఇక్కడే. ఒక ఏడాది పిల్లలు ఊయల అడిగారు. అప్పటి ఉత్సాహంలో "చూద్దాం, తెప్పిద్దాం" అన్నాను. డబ్బుల్లేవు, పెట్టడానికి చోటూ లేదు. ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక వాయిదా వేస్తూ పోయాను. ప్రతి మీటింగ్‌లో "టీచర్, ఊయల?" అనేవారు. నాలుగుసార్లు అడిగి ఆపేశారు. ఊయల అడగడం ఆపేశారంటే అనుకోవచ్చు, ఏమీ అడగడమే ఆపేశారు. దసరా సెలవుల తర్వాత మీటింగ్‌లో గవ్వ గుండ్రంగా తిరిగి నా చేతికి వచ్చేసింది, ఒక్కరూ నోరు విప్పలేదు. "కుదరదు, ఎందుకంటే చోటు లేదు" అని మొదటి వారమే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

లారా లండీ అనే ఆవిడ 2007లో ఈ విషయాన్ని నాలుగు ముక్కల్లో పెట్టింది: చెప్పుకోవడానికి చోటు, చెప్పడానికి సాయం, వినాల్సినవాళ్లు వినడం, విన్నదానికి ఏదో ఒక ఫలితం. మొదటి రెండూ మనం ఉత్సాహంగా చేస్తాం. నేను జారింది నాలుగో దాని దగ్గర.

జరగని పనులు అడిగితే ఏం చేయాలి?

అడుగుతారు. ఏసీ, లిఫ్ట్, రోజూ బిర్యానీ, హోంవర్క్ రద్దు. నవ్వేయకండి, కొట్టిపారేయకండి. ఏసీ అడిగినప్పుడు ఎందుకని అడిగితే, మార్చిలో ఒంటిపూట బడి మొదలయ్యేలోపే రేకుల గది ఉడికిపోతోందని తేలింది. హుద్‌హుద్ తుఫానులో, 2014 అక్టోబర్ 12న, ఆ గది పక్కనున్న పెద్ద చెట్లు రెండూ పడిపోయాయి. ఆ తర్వాత ఎవరూ నాటలేదు. ఇప్పుడు అక్కడ కానుగ, వేప పెరుగుతున్నాయి. నీడ ఇచ్చేసరికి అడిగిన పిల్లలు డిగ్రీలో ఉంటారు, ఆ మాట కూడా వాళ్లకి చెప్పాం. ఈలోపు మధ్యాహ్నం పీరియడ్లు ఆ గదిలో పెట్టడం మానేశాం.

జవాబు ఎప్పుడూ మూడింటిలో ఒకటి ఉండాలి: సరే, ఫలానా రోజుకి చేస్తాం. కుదరదు, కారణం ఇది. మా చేతిలో లేదు, ఫలానావాళ్లకి రాద్దాం. "చూద్దాం" అనే మాట మా బడిలో నిషేధం. పిల్లలే పెట్టారు ఆ రూలు.

మధ్యాహ్న భోజనం గురించి మాట్లాడనివ్వచ్చా? గొడవలవుతాయేమో?

మాట్లాడనివ్వండి, వాళ్లు తింటున్నారు కాబట్టి. ఒక్క హద్దు పెట్టుకున్నాం: పదార్థం గురించి చెప్పాలి, మనిషి గురించి కాదు. మెనూ ప్రభుత్వం నిర్ణయిస్తుంది, బడిలో మార్చలేమని ముందే చెప్పేస్తాం.

మా దగ్గరికి భోజనం డబ్బాల్లో వ్యాన్‌లో వస్తుంది. ఒకటో తరగతికి ముందు, ఐదో తరగతికి చివర వడ్డిస్తారు. ఒకరోజు రెండో తరగతి పిల్లవాడు "ముందోలకి నీల్లు, ఎనకోలకి ముక్కలు" అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. ఐదో తరగతివాళ్లు మాత్రం ముసిముసిగా నవ్వుతున్నారు. సాంబారు డబ్బాలో ముక్కలు, పప్పు అడుగుకి దిగిపోతాయి. గరిటె పైపైన తేలుతుంది. ముందు తినేవాళ్లకి రసం లాంటిది, చివరివాళ్లకి ముల్లంగి ముక్కలతో చిక్కటి సాంబారు. ఇన్నాళ్లూ చిన్నపిల్లలు సరిగ్గా తినట్లేదని మేం బెంగపడుతున్నాం!

పది పళ్లేలకి ఒకసారి అడుగు నుంచి కలపాలని తీర్మానం చేశారు. వడ్డించే అక్క ముందు నొచ్చుకుంది. పిల్లలు ఆమెనే మీటింగ్‌కి పిలిచి గవ్వ చేతికిచ్చారు. గరిటె కాడ పొట్టిగా ఉందని, అడుగుదాకా పెడితే వేళ్లు కాలుతున్నాయని ఆమె చెప్పింది. పొడుగు కాడ గరిటె కొన్నాం. ఆమె గోడు కూడా మేం అంతకుముందు ఎన్నడూ అడగలేదు.

టీచర్ల మీద ఫిర్యాదు చేస్తే?

చేస్తారు. "లెక్కలప్పుడు మేడం ఫోన్ చూస్తారు" అని నోట్‌బుక్‌లో ఒక లైను. ఆ మేడం నేనే. చెవులు వేడెక్కాయి. యాప్‌లో హాజరు వేయడం, ఫొటోలు ఎక్కించడం, సర్వర్ తిరుగుతూ ఉండటం, ఇవన్నీ పిల్లలకి ఎలా తెలుస్తాయి? ఫోన్ స్క్రీన్ చూపించి ఆ పనులేమిటో చెప్పాను. అవి ప్రేయర్ అయిన వెంటనే, పాఠం మొదలుకాకముందే ముగించేస్తానన్నాను. నెట్ రాని రోజు నేనే బోర్డు మీద "ఐదు నిమిషాలు ఫోన్" అని రాసి మొదలుపెడతాను.

ఒక జాగ్రత్త. పేరుపెట్టి చేసే ఫిర్యాదు గుంపులో చర్చకి రాకూడదు, హెచ్ఎం విడిగా వినాలి. చెప్పిన పిల్లల మీద కోపం తీర్చుకోకూడదు. కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. అలాంటివి మండలి తీర్మానం కోసం ఆగే విషయాలు కావు.

మరీ పెద్ద విషయం బయటపడితే?

ఒంటి మీద చెయ్యి వేశారని గానీ, ఇంట్లో హింస ఉందని గానీ పిల్లలు చెబితే మీటింగ్ అక్కడితో ఆపి, ఆ పిల్లని విడిగా కూర్చోబెట్టుకుని నెమ్మదిగా వినండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజేయడం మన బాధ్యత, చెప్పకపోతే నేరం. చైల్డ్ హెల్ప్‌లైన్ నెంబర్ 1098. దాన్ని పిల్లలకి కనిపించే ఎత్తులో గోడ మీద పెద్దగా రాయించండి.

అసలు మాట్లాడని పిల్లల సంగతేమిటి?

మా తరగతుల్లో ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లు ఉన్నారు, కట్టడాల పనికి వచ్చిన కుటుంబాల హిందీ పిల్లలూ ఉన్నారు. వాళ్లకి గవ్వ ఇస్తే గట్టిగా పట్టుకుని కూర్చుంటారు, అంతే. అలాంటప్పుడు మాట పక్కన పెట్టాలి. బడి బొమ్మ పెద్ద చార్టు మీద గీసి, ఇష్టమైన చోట పసుపు చుక్క, భయమేసే చోట ఎర్ర చుక్క పెట్టమన్నాం. ఎర్ర చుక్కలన్నీ రెండు చోట్ల గుట్ట పడ్డాయి: బాత్రూమ్ వెనక సందు, ఇంకా గేటు ముందు రోడ్డు. సందులో కుక్కలు పడుకుంటాయి. రోడ్డు సంగతి తెలిసిందే, కొండ దిగే ఆటోలు బ్రేకు మీద కాలు పెట్టవు.

ఇంకో పద్ధతి: పిల్లలే మనల్ని చెయ్యి పట్టుకుని బడంతా తిప్పి చూపించడం. వాళ్లు ఎక్కడ పరిగెడతారో, ఎక్కడ నెమ్మదిస్తారో చూస్తే సగం తెలుస్తుంది.

ఫిర్యాదుల పెట్టె పెడితే సరిపోదా?

రాయడం వచ్చినవాళ్లకే పనికొస్తుంది. మా పెట్టెలో మొదటి నెలలో దొరికినవి: రెండు చాక్లెట్ కాగితాలు, ఒక విరిగిన పెన్సిల్, "రెండో తరగతి గుంటడు నన్ను ఎక్కిరించాడు" అనే చీటీ. ఉండనివ్వండి, నష్టం లేదు.

ఐదో తరగతివాళ్లు చిన్నవాళ్ల మీద పెత్తనం చేస్తే?

చేస్తారు, అవకాశం ఇస్తే ఎవరైనా చేస్తారు. ఒకసారి మండలి బూతు మాటకి రూపాయి జరిమానా వేసింది. మేం కూడా మెచ్చుకున్నాం. రెండు వారాల్లో పదకొండు రూపాయలు పోగయ్యాయి. కట్టినవాళ్లంతా ఒకటి, రెండు తరగతులవాళ్లే. అందులో ఒక బాబుకి తను అన్నది బూతని కూడా తెలియదు, వాళ్ల ఇంట్లో అది మామూలు పిలుపు. డబ్బులు వెనక్కి ఇప్పించాం. శిక్షలు వేసే పని మండలిది కాదని అప్పుడు రాసుకున్నాం.

పోలండ్‌లో యానుష్ కోర్చాక్ అనే డాక్టర్ వార్సాలో అనాథ పిల్లల ఆశ్రమం నడిపాడు, 1912 నుంచి. అక్కడ పిల్లల కోర్టు ఉండేది. దాని నియమావళిలో ముందుండేవన్నీ క్షమించేసే తీర్పులే. పిల్లలు ఆయన మీద కూడా కేసులు వేసేవారు, ఆయన వచ్చి నిలబడేవాడు. పెద్దవాళ్లకి కూడా వర్తించేటట్టయితేనే పిల్లల చేతికి కోర్టు ఇవ్వాలని నాకు అప్పుడు అర్థమైంది. మాకు అంత ధైర్యం లేదు కాబట్టి కోర్టు జోలికి పోలేదు.

మన దేశంలో ఇంకెక్కడైనా నడిచాయా?

రాజస్థాన్‌లో తిలోనియా చుట్టుపక్కల పగలు మేకలు కాసి రాత్రి బడికి వచ్చే పిల్లలు 1990లలోనే బాలల పార్లమెంటు నడిపారు. కర్ణాటకలో పిల్లల పంచాయతీలు ఉన్నాయి. 1921లో జర్మనీలో మొదలై, తర్వాత ఇంగ్లండ్‌కి మారిన సమ్మర్‌హిల్ బడిలో మీటింగ్‌లో టీచర్‌కి ఒక ఓటు, చిన్న పిల్లకీ ఒక ఓటు. అంతదూరం మనం వెళ్లగలమా అంటే, మామూలు ప్రభుత్వ బడిలో వెళ్లలేం.

తల్లిదండ్రులు ఒప్పుకుంటారా?

"చదువుకోడానికి పంపితే మీటింగులేంటండి?" అని మొదట్లో అన్నారు. వారానికి ఇరవై నిమిషాలేనని, అందులోనే చదవడం, రాయడం, లెక్క పెట్టడం ఉన్నాయని చెప్పాం. వాళ్ల మనసు మార్చింది మా మాటలు కాదు, బాత్రూమ్ తలుపు గడియ. ఆ పాప వాళ్లమ్మ జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కమిటీ మీటింగ్‌లో లేచి, "మా గుంట చెప్పిందంట కదా" అంది, అంతే, కూర్చుంది. అప్పటి నుంచి కమిటీ మీటింగ్‌లో మొదటి పది నిమిషాలు మండలి పిల్లలవి.

ఒకే టీచర్ ఉన్న బడిలో కుదురుతుందా?

ఇంకా తేలిక. అన్ని తరగతులూ కలిసే కూర్చుంటాయి, మండలి అవసరం కూడా లేదు. గుండ్రంగా కూర్చుని గవ్వ తిప్పండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

జూన్‌లో వద్దు, అడ్మిషన్లు, పుస్తకాలు, యూనిఫామ్‌ల హడావిడి. జులై రెండో వారం బాగుంటుంది. మార్చిలో మొదలుపెట్టి ఏప్రిల్‌లో ఆపేయకండి.

మొదటి మీటింగ్‌లో ఎవరూ మాట్లాడకపోతే?

మా దగ్గరా అంతే. గవ్వ రెండు చుట్లు తిరిగింది, చప్పుడు లేదు. బయట ఆటో హారన్లు, పక్కింటి కుక్కర్ విజిల్ వినిపిస్తున్నాయి. నాకు టెన్షన్ మొదలైంది, హెచ్ఎం కిటికీలోంచి చూస్తున్నారు. మూడో చుట్టులో రెండో తరగతి బాబు గవ్వని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏ బీచ్‌లో దొరికింది టీచర్?" అన్నాడు. భీమిలిలో అన్నాను. కాదు, ఇలాంటివి అక్కడ దొరకవు, కొని ఉంటారు అన్నాడు. వాళ్ల నాన్న చేపల వేటకి వెళ్తాడు. మిగిలిన సమయమంతా ఏ గవ్వ ఎక్కడ దొరుకుతుందో వాళ్లే మాట్లాడుకున్నారు, నేను నోరు మూసుకుని విన్నాను. నిజానికి ఆ గవ్వ ఎవరో నాకు ఇచ్చింది, ఎక్కడిదో నాకు తెలియదు. ఆ తర్వాతి శనివారం ఆ మాట ఒప్పుకున్నాను. దాన్ని నోట్‌బుక్‌లో మూడో గడిలో రాశారు.